మొండితనం కాదు, మెదడు పని

ఆటిజం ఉన్న పిల్లలు కోపాన్నో, తొందరనో ఆపుకోలేకపోతే చాలామంది దాన్ని మొండితనం అనుకుంటారు. నిజానికి ఆపుకోవడం మెదడు చేసే పని. నుదుటి వెనక భాగాలతో పాటు, పొరపాట్లను పసిగట్టే యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్‌కు ఇందులో ముఖ్య పాత్ర ఉంది.

హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 40 మంది పిల్లలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కండరాలను సడలించే పద్ధతి, మరో జట్టుకు నై యాంగ్ గాంగ్ అనే చైనా సంప్రదాయ వ్యాయామం నేర్పారు. నాలుగు వారాల తర్వాత వ్యాయామం చేసిన జట్టులో స్వీయ నియంత్రణ మెరుగుపడింది. ఈఈజీ పరీక్షలో సింగ్యులేట్ భాగం మరింత చురుగ్గా కనిపించింది.

చిన్న అధ్యయనం కాబట్టి దీన్ని చికిత్స అనలేం. అయినా ఆపుకోవడం సాధనతో పెంచుకోదగ్గ నేర్పు కావచ్చని ఇది సూచిస్తోంది. అంతకన్నా ముందు ఆటిజాన్ని గుర్తించాలి. అందుకు సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ రూపొందించిన 40 అంశాల భారతీయ కొలమానం ‘ఇసా’ అందుబాటులో ఉంది.