మీ ఒళ్లు.. మీ సంతకం!

బ్యాటరీ అంటే ఫోన్‌లోదే కాదు. ఒప్పుకోకుండా కావాలని ఒకరి ఒంటిమీద చెయ్యి వేస్తే, దెబ్బ తగలకపోయినా సివిల్ చట్టంలో అదీ ‘బ్యాటరీ’నే. నష్టపరిహారం అడగొచ్చు.

డాక్టర్లకూ ఇది వర్తిస్తుంది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ లాప్రోస్కోపీ పరీక్షకు వెళ్లారు. ఆమె మత్తులో ఉండగానే తల్లితో సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మేజర్ అయిన పేషెంట్ బదులు తల్లి ఒప్పుకున్నా చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. రూ.25 వేల పరిహారం ఇప్పించింది.

మైలవరం నుంచి ఆపరేషన్‌కి విజయవాడ వెళ్తే, ‘ముందు సంతకం పెట్టేయ్’ అని ఇంట్లోవాళ్లే తొందరపెడతారు. ఆగండి. ఏం చేస్తారు, ఏం తీసేస్తారు, రిస్క్ ఏంటి? అడిగాకే పెన్ను పట్టుకోండి.