అగ్గిపెట్టెలో అద్దె సినిమా

పిల్లలూ, పోయిన వేసవిలో మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ అగ్గిపెట్టె కంటె కాస్త పొడవైన నల్లటి పరికరం ఒకటి తెచ్చి మా టీవీ వెనకాల గుచ్చాడు. దాన్ని స్ట్రీమింగ్ స్టిక్ అంటారు. ఇంటర్నెట్ ద్వారా సినిమాలు తెప్పించి టీవీ తెర మీద చూపించడం దాని పని. కొన్ని సినిమాలకు విడిగా అద్దె కట్టాలి.

మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. చిన్నతనంలో డేరా హాల్లో నేల మీద కూర్చుని చూసిన ఒక నలుపు తెలుపు సినిమా పేరు చెప్పింది. వెతికితే అద్దెకు దొరికింది. అయితే ఒక షరతు. చూడడం మొదలుపెట్టిన 48 గంటల్లోగా పూర్తి చెయ్యాలి. శనివారం రాత్రి 8 గంటలకు మొదలుపెట్టాం. సగం దాటాక అమ్మకు నిద్ర ముంచుకొచ్చింది. "మిగతాది రేపు చూద్దాం లేరా" అంది.

ఆదివారం పొద్దున్నే గడ్డిలోడు ట్రాక్టరు ఒకటి మా వీధిలో వేలాడుతున్న ఇంటర్నెట్ తీగను తెంపుకుని పోయింది! సోమవారం సాయంత్రం ఆరున్నరైనా అతికేవాళ్ళు రాలేదు. గడువు 8 గంటలకు. సినిమా ఇంకా 70 నిమిషాలుంది. ఇక దిక్కు నా సెల్‌ఫోను. అందులో ఆ రోజుకు మిగిలిన డేటా 1.5 గిగాబైట్లు. ఫోను నుంచి స్టిక్‌కు ఇంటర్నెట్ ఇవ్వవచ్చు, సరే. కాని 70 నిమిషాల సినిమా ఆ కాస్త డేటాలో పడుతుందా?

కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క కట్టి చూద్దాం.

టీవీ తెర మీది బొమ్మ అంతా చుక్కల సముదాయం. మా టీవీలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు కావాలి. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు. మొత్తం గుణించి చూస్తే సెకండుకు సుమారు 149 మెగాబైట్లు! నా దగ్గరున్న 1.5 గిగాబైట్లు ఎంతసేపు వస్తాయి? 10 సెకండ్లు. కథానాయకుడు తలుపు తీసి గుమ్మం దాటేలోపల అయిపోతాయన్నమాట.

మరి లోకమంతా సినిమాలు ఎలా చూస్తున్నది? మన సిరిసిల్ల నేతగాళ్ళు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారని వినే ఉంటారు. ఇక్కడా అలాటి మడత విద్యే ఉన్నది.

కథానాయకుడు గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నాడు అనుకోండి. వెనకాల గోడ కదలదు, స్తంభం కదలదు. కదిలేవి పెదవులూ, చేతులూ. అలాంటప్పుడు గోడను సెకండుకు 24 సార్లు పంపడం ఎందుకు? ఒకసారి పూర్తి బొమ్మ పంపి, తరవాత "ఈ ముక్క నాలుగు చుక్కలు కుడికి జరిగింది, మిగతాదంతా ఎప్పటిలాగే" అని చెబితే చాలు. అంతా కలిసి పరుగెత్తే యుద్ధం సన్నివేశాల్లో, జోరువానలో ఈ ఉపాయం అంతగా పారదు. ఈసారి వాన సన్నివేశం వచ్చినప్పుడు జాగ్రత్తగా చూడండి, బొమ్మ కాస్త అలుక్కుపోయినట్లుంటుంది.

రెండో ఉపాయం మన కంటి బలహీనత మీద ఆధారపడినది. వెలుగునీడల తేడాను కన్ను ఇట్టే పట్టేస్తుంది. రంగుల తేడాను అంత సూక్ష్మంగా పట్టలేదు. కాబట్టి రంగుల సమాచారాన్ని పలచగా పంపుతారు. మాది నలుపు తెలుపు సినిమా గనక డేటా మూడో వంతే అవుతుందని నేను మొదట సంబరపడ్డాను. తప్పు! రంగుకయ్యే ఖర్చు ముందే తగ్గించేశారు గనక మిగిలేది స్వల్పమే.

మూడో ఉపాయం అన్నిటికన్న గొప్పది. బొమ్మను 8 చుక్కలకు 8 చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిని కొన్ని పెద్ద అలలు, కొన్ని చిన్న అలలు కలిసిన మిశ్రమంగా రాస్తారు. మీరు పదో తరగతి త్రికోణమితిలో చదివే కొసైన్ అలలే అవి. వాటిలో మరీ సన్నటి అలలను తీసిపారేసినా కన్ను గుర్తించదు. 1940లో బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ గారి ఆలోచన ఇది. ఆయన అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఉండగా, 1972లో, దీని మీద పరిశోధనకు డబ్బిమ్మని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు రాశారు. మరీ తేలికైన ఆలోచన అని పరిశీలకులు తోసిపుచ్చారు! డబ్బు రాకపోయినా ఆయన మానలేదు. శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో వ్యాసం ప్రచురించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. ఇవాళ మీరు ఫోనులో తీసే ఫొటో మొదలు టీవీలో వచ్చే సినిమా దాకా చాలావాటిలో దాగి ఉన్నది ఆ "తేలిక" ఆలోచనే, లేదా దాని పిల్లలూ మనవలూ.

ఇన్ని మడతలు పెట్టాక మంచి బొమ్మకు సెకండుకు 5 మెగాబిట్లు సరిపోతాయి. 8 బిట్లు ఒక బైటు గనక 70 నిమిషాలకు 2,625 మెగాబైట్లు. నా దగ్గరున్నవి 1,500. చాలవు!

అయితే ఒక సదుపాయం ఉన్నది. సినిమాను కొద్ది సెకండ్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ మంచి రకం, మధ్య రకం, నాసి రకం అంటూ అనేక సైజుల్లో దూరాన సర్వర్లలో సిద్ధంగా ఉంచుతారు. ఏ ముక్క ఏ సైజులో కావాలో స్టిక్కే అడిగి తెచ్చుకుంటుంది. సాయంత్రం వేళ వీధి వీధంతా వీడియోలు చూస్తుంటే మీ టీవీలో బొమ్మ ఆగకుండా మసకబారడం ఇందుకే. సెట్టింగుల్లోకి వెళ్ళి తక్కువ డేటా పెట్టాను. సెకండుకు సుమారు 2 మెగాబిట్లు. 70 నిమిషాలకు 1,050 మెగాబైట్లు. పడుతుంది!

6 గంటల 40 నిమిషాలకు మళ్ళీ మొదలుపెట్టాం. మధ్యలో ఫోనుకు సిగ్నలు పోయింది. గుండె గుభేలుమంది. ఫోను పట్టుకుని డాబా మెట్లు ఎక్కాను. కింద సినిమా మాత్రం నడుస్తూనే ఉంది. మునిసిపాలిటీ నీళ్ళు ఆగినా మేడమీద ట్యాంకులో నీళ్ళుంటాయి చూడండి, అలాగే స్టిక్ ముందు రాబోయే ముక్కలు కొన్ని దాచి ఉంచుకుంటుంది. దాన్ని బఫర్ అంటారు. 2007లో అమెరికాలో వచ్చిన వుడు అనే అద్దె సినిమాల పెట్టె ఇంకో ఎత్తు వేసింది. వేల సినిమాల ప్రారంభ భాగాలను ముందే తన డిస్కులో దాచుకునేది. మీరు మొదటి దృశ్యం చూస్తుండగా మిగతాది తెప్పించుకునేది.

7 గంటల 50 నిమిషాలకు శుభం కార్డు పడింది. ఫోనులో ఇంకా 400 మెగాబైట్ల పైచిలుకు చిల్లర మిగిలింది.

నేను కాలేజీలో చదివే రోజుల్లో వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాళ్ళం. తిరిగివ్వకపోతే దుకాణం కుర్రాడు ఇంటికొచ్చేవాడు. నెట్‌ఫ్లిక్స్ కూడా 1998లో డీవీడీలను పోస్టులో అద్దెకు పంపడంతోనే మొదలైంది. 2007లో ఇంటర్నెట్ ద్వారా చూపించడం మొదలుపెట్టినా, ఆ పోస్టు వ్యాపారాన్ని 2023 దాకా నడిపింది. స్టిక్‌లో తిరిగి ఇవ్వడానికేముంది? వచ్చే ముక్కలన్నీ రహస్య లిపిలో ఉంటాయి. అద్దె కడితే దాన్ని విప్పే తాళంచెవి లాంటి ఒక పెద్ద సంఖ్య వస్తుంది. దానికొక గడువుంటుంది. గడువు దాటితే ఆ చెవితో తాళం తెరుచుకోదు. "టీవీలో టైము వెనక్కి తిప్పితే సరి కదండీ మాస్టారూ?" అన్నాడు మా తొమ్మిదో తరగతి గడుగ్గాయి ఒకడు. లాభం లేదు. గడువు లెక్కించేది తాళంచెవి ఇచ్చినవాళ్ళ గడియారం.

నిజమో కాదో చూద్దామని 8 గంటల 5 నిమిషాలకు ఆ సినిమా మళ్ళీ నొక్కాను. అద్దె కట్టమని తెర మీద అక్షరాలు వచ్చాయి. అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "డేరా హాల్లో మాత్రం? రెండో ఆటకు మళ్ళీ టిక్కెట్టు కొనాల్సిందేగా!" అంది.