రైలుపెట్టెలో తెగిన రాజ్యబంధం

చరిత్ర మరోవిధంగా నడిచి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న కేవలం కాలక్షేపం కాదని మా అభిప్రాయం. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని క్రొయేషియా-స్లవోనియా రాజ్యం ఇందుకు చక్కని నిదర్శనం.

1868 నాటి ఒడంబడిక ఆ రాజ్యానికి ఆంతరంగిక పరిపాలన, న్యాయం, విద్య, మత వ్యవహారాలలో స్వయంప్రతిపత్తి కల్పించింది. జాగ్రెబ్‌లో శాసనసభ ఉండేది. సొంతభాషలోనే పాలన సాగేది. కానీ పాలనాధిపతి ‘బాన్’ నియామకం హంగరీ ప్రధానమంత్రి సిఫారసుపైనే జరిగేది. ఆదాయంలో 55 శాతం ఉమ్మడి వ్యయానికి పోయేది. రైల్వేలు బుడాపెస్ట్ అధీనంలో ఉండేవి. 1907లో రైల్వే సిబ్బందికి హంగేరియన్ భాషను తప్పనిసరి చేయడంతో క్రొయేషియాలో ఆగ్రహం పెల్లుబికింది.

అంతకు ముందే, 1906లో, అవురెల్ పొపోవిచ్ 15 రాష్ట్రాల సమాఖ్యను ప్రతిపాదించాడు. అది కాగితంపైనే మిగిలింది. 1918 అక్టోబరు 16న చక్రవర్తి కార్ల్ సమాఖ్యను ప్రకటించినా, హంగరీ కిరీటానికి చెందిన భూములను మినహాయించాడు. 13 రోజులకే జాగ్రెబ్ శాసనసభ తెగతెంపులు చేసుకున్నది.

ఆ సంస్కరణ పదేళ్ళు ముందుగా, మినహాయింపు లేకుండా వచ్చి ఉంటే సామ్రాజ్యం నిలిచేదా? నిశ్చయంగా చెప్పలేము. అయితే సామాన్యునికి రాజ్యమంటే టికెట్టు కిటికీ, తపాలా బల్ల. అక్కడ తన భాషకు చోటు దొరకనినాడు ఒడంబడికలోని హక్కులు అతనికి అక్కరకు రావు. బహుభాషా దేశంలో ప్రజలకు సేవలందిస్తున్న మనం నిత్యం గుర్తుంచుకోవలసిన పాఠమిది.