తారల పారితోషికం వెనుక లెక్కలు

ఒక నటుడి శ్రమకు కోట్ల రూపాయల విలువ ఉంటుందా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది గాని, తెలుగు చిత్రపరిశ్రమలో పారితోషికాన్ని నిర్ణయించేది శ్రమ కాదు, సినిమా పూర్తికాకముందే ఆ పేరు మీద ఎంత సొమ్ము సమకూరుతుందన్న అంచనా. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర వంటి ఏరియాల హక్కులు కొనే పంపిణీదారులు, ఓటీటీ సంస్థలు కథకన్నా ముందు కథానాయకుడెవరని అడుగుతారు. ఓపెనింగ్స్, అంటే తొలి రోజుల వసూళ్లు, రాబట్టేది ప్రధానంగా ఆ పేరే కనుక నిర్మాతకు బేరమాడే శక్తి అక్కడే సన్నగిల్లుతుంది.

అమెరికా ఆర్థికవేత్త షెర్విన్ రోజెన్ 1981లో ఇలాంటి భారీ ఆదాయాల మూలాన్ని వివరించాడు: ప్రేక్షకులు లక్షమందైనా కోటిమందైనా కళాకారుడి శ్రమ దాదాపు ఒకటే కనుక, ప్రతిభలోని స్వల్పభేదం ఆదాయంలో కొండంత భేదంగా మారుతుంది. అయితే తెలుగునాట ప్రతిభతోపాటు వారసత్వంగా వచ్చిన అభిమానగణాన్ని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

గిరాకీ ఉన్నంతమాత్రాన అర్హత ఉన్నట్లు కాదు. చిత్రం పరాజయం పాలైనప్పుడు ఎక్కువగా మునిగేది పంపిణీదారుడే (పారితోషికంలో కొంత వెనక్కిచ్చిన తారలూ లేకపోలేదు). ఖర్చుల గొడవ పంపిణీదారుడితోనే ఆగదు: 2022 ఆగస్టులో ఖర్చుల అదుపు కోసం నిర్మాతలు షూటింగులు ఆపగా, 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ కార్మికులు ఆపారు. రెండు వారాలకు పైగా సాగిన ఆ సమ్మె, దినవేతనం 2,000 రూపాయల లోపు ఉన్నవారికి మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంపుతో ముగిసింది. కూలి పెంపుపై ఇంత బేరం సాగే చోట, తారకు ముందస్తు మొత్తం తగ్గించి లాభంలో వాటా ఇవ్వడమే న్యాయంగా తోస్తుంది; కాకపోతే వాటా పంచాలంటే అసలు వసూళ్ల లెక్క బయటపెట్టాలి, అందుకు నిర్మాతలే అంతగా ఇష్టపడరు.