గొల్యాతు ఎన్ని మూరలు?

పిల్లలూ! చోడవరం బజారులో మల్లెదండ కొలవటం చూశారు కదా? మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఒక మూర. చాచిన బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఒక జేన. రెండు జేనలైతే మూర.

పూర్వం యూదులు మహాకాయులను కూడా మూరలతోనే కొలిచారు! బాషాను రాజైన ఓగు ఇనుప మంచం పొడవు 9 మూరలని వారి గ్రంథం చెబుతుంది. సౌలు రాజుకూ ఫిలిష్తీయులకూ యుద్ధం వచ్చినప్పుడు శత్రువుల తరపున గొల్యాతు అనే వీరుడు నిలిచాడు. గొర్రెలు కాసే దావీదు వడిసెల రాయితో అతణ్ణి పడగొట్టాడు.

1805లో విశాఖపట్నం వచ్చిన లండను మిషనరీలు బైబిలును తెలుగు చేయటం మొదలుపెట్టారు. నేటి తెలుగు బైబిలులో గొల్యాతు ఎత్తు 6 మూరల జేన. మూరకు 18 అంగుళాల చొప్పున 9 అడుగుల 9 అంగుళాలు! 1940లో చనిపోయిన అమెరికా పొడగరి రాబర్ట్ వాడ్లో కూడా 8 అడుగుల 11 అంగుళాలే.

1952లో మృతసముద్రం దగ్గర ఒక గుహలో రెండువేల ఏళ్లనాటి తోలుచుట్టలు దొరికాయి. అందులో ఒకదానిలో గొల్యాతు ఎత్తు 4 మూరల జేనే! పాత గ్రీకు అనువాదంలోనూ అంతే. అంటే 6 అడుగుల 9 అంగుళాలు. చేత్తో ప్రతులు రాసుకునే రోజుల్లో అంకె మారటం వింత కాదు. నాలుగే పాత లెక్క అని చాలామంది పండితులు తలుస్తారు.

ఏదీ, మీ ఎత్తును మీ మూరతో కొలవండి. దాదాపు నాలుగు వస్తుంది! అయితే దావీదు గొప్ప తగ్గిందా? లేదు. ఎదిరించేవాడు కుర్రవాడైతే జేనెడు ఎక్కువైనా కొండంతే కదా!