పేరు వెబ్లీది, గొట్టం సంగతేమిటి?

జమ్మలమడుగు: తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు. ఇల్లు, కొట్టం, ఎద్దులు, బావి కింద చేను అన్నీ సమంగానే తేలాయి. తేలనిది ఒక్క తుపాకి. జోడు గొట్టాల 12 బోరు. గొట్టాల మీద వెబ్లీ అండ్ స్కాట్ అని ఇంగ్లీషు అక్షరాలు. తండ్రి బతికి ఉన్నంతకాలం ఆ తుపాకి ఆ ఇంటికి పరువు. పెద్దవాడు దానిని కోరాడు. పెద్దమనుషులు పేరు చదివి "ఇంగిలీషు తుపాకి, లక్షలు పలుకుతుంది" అని లెక్కగట్టారు. దానికి బదులుగా పెద్దవాడు బావి కింద అర ఎకరా తమ్మునికి వదులుకున్నాడు. ఆ అర ఎకరా ఈ రోజుకూ పచ్చగా ఉంది. తుపాకి మాత్రం కాల్చడానికి పనికిరాదని తేలింది.

ఊరి పేరు, తమ పేర్లు రాయవద్దని అన్నదమ్ములిద్దరూ కోరారు కనుక రాయడం లేదు. అయితే ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. కోవెలకుంట్ల మొదలు ప్రొద్దుటూరు దాకా కుందూ పొడుగునా పాత ఇళ్లలో తాతలనాటి జోడు తుపాకులు ఉన్నాయి. ఒక తరం పోయి మరొక తరం వచ్చే వేళ వాటి విలువ ఎంత అన్న ప్రశ్న వస్తోంది. జవాబు చెప్పేవారు గొట్టం మీది పేరు చదివి చెప్పడమే పరిపాటిగా ఉంది.

మన సీమకు తుపాకి కొత్త కాదు. ఆయుధాలు పోగేశాడన్న నేరం మోపి కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో కుంపినీవారు గద్దె దించారు. 1878లో ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు తుపాకి అంటే సర్కారు నమ్మిన మనిషి అన్న గుర్తు అయింది. తర్వాత ముఠా తగాదాల కాలంలో పరువుకు ప్రాణభయం తోడైంది. ఇంట్లో తుపాకి ఉన్నదని నలుగురికీ తెలిస్తే చాలు. చూపించడానికే ఉన్న వస్తువును పరీక్ష చేసేదెవరు?

ఎవరీ వెబ్లీ?

వెబ్లీ, స్కాట్ అనేవి మొదట వేర్వేరు కార్ఖానాలు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్నంలో 1897లో రెండూ కలిసిపోయాయి. వెబ్లీ వారు రివాల్వర్లకు, స్కాట్ వారు జోడు తుపాకులకు పేరుపడ్డవారు. మన ఇళ్లలో ఉన్న వారి తుపాకుల్లో ఎక్కువ భాగం పైకి గుర్రాలు కనిపించని రకం. గొట్టాలు వంచగానే లోపలి గుర్రాలు ఎక్కుకుంటాయి. ఆ పద్ధతిని 1875లో అదే పట్నంలోని వెస్ట్‌లీ రిచర్డ్స్ కార్ఖానాలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కనిపెట్టారు. భాగాలు తక్కువ, కనుక చెడేదీ తక్కువ. నూరేళ్లనాటివి నేటికీ పనిచేస్తున్నవి కద్దు. ఆ కీర్తి అబద్ధం కాదు.

అయితే పేరు ఒకరిది, చేయి ఒకరిది కావచ్చు. స్కాట్ వారు చేసిన తుపాకుల మీద ఇతర దుకాణదారులు తమ పేర్లు చెక్కి అమ్ముకునేవారు. కలకత్తాలోని రోడా, మాంటన్ కంపెనీలు కూడా ఇంగ్లండు నుంచి తెప్పించిన తుపాకుల మీద తమ పేరు వేసుకునేవి. 1979లో వెబ్లీ స్కాట్ వారు జోడు తుపాకుల తయారీ మానివేశారు. పేరు మాత్రం చేతులు మారుతూ బతికింది. ఇటీవలి కాలంలో ఆ పేరుతో తుర్కీలో తయారైన తుపాకులు వచ్చాయి. 2020లో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో అదే పేరుతో రివాల్వర్ల తయారీ మొదలైంది. కాబట్టి వెబ్లీ అన్న ఒక్క ముక్క చదివితే అది ఏ కాలానిదో, ఏ దేశానిదో తెలియదు. పైగా గొట్టం మీద నాలుగు అక్షరాలు చెక్కడానికి పెద్ద విద్య అక్కరలేదు.

ధర పెరగడానికి మరో కారణం ఉంది. 1980ల నడుమ నుంచి మామూలు మనిషి పరదేశపు తుపాకి తెప్పించుకునే దారి మూసుకుపోయింది. కొత్తవి రావు, ఉన్నవే చేతులు మారాలి. కరువులో గడ్డివాముకు పెరిగినట్టు పాత ఇంగ్లీషు తుపాకికి ధర పెరిగింది. గడ్డి మంచిదా చెడ్డదా అని కరువులో ఎవరూ అడగరు.

దుకాణంలో పరీక్ష

లైసెన్సుదారు చనిపోతే తుపాకిని పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు గల ఆయుధాల దుకాణంలో గానీ జమ చేయాలి. అన్నదమ్ములు దుకాణంలో జమ చేసి రసీదు తీసుకున్నారు. అన్న తన పేర లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాడు. ఈలోపల తుపాకి ఎంత చేస్తుందో అడుగుదామని వారు పట్నం వెళ్లినప్పుడు ఈ విలేకరి కూడా వెంట ఉన్నాడు. అక్కడ మరమ్మతులు చేసే మేస్త్రి అరవై దాటిన మనిషి. ఆయన పేరు వంక చూడనే లేదు.

మొదట ముందు చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీసి, అడుగున ఉన్న కొక్కెం వేలికి తగిలించి వేలాడదీశాడు. చెక్కపుల్లతో మెల్లగా తట్టాడు. మంచి గొట్టాలయితే గుడి గంటలా మోత సాగుతుందట. ఇవి పగిలిన కుండ తట్టినట్టు పలికాయి. రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు ఎక్కడో వదిలిందని దాని అర్థం.

"ఇంగిలీషు తుపాకి గదా మేస్త్రీ, దానికేం రోగం?" అన్నాడు పెద్దవాడు.

"ఇంగిలీషోడైనా ముసలోడు గాక మానతాడా నాయనా" అన్నాడు మేస్త్రి.

తర్వాత గొట్టాలను వాకిలి వెలుగు వైపు తిప్పి లోపల చూడమని మాకిచ్చాడు. మంచి గొట్టంలో వెలుగు ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదానిలో ఒకటి గుండ్రంగా కనపడుతుంది. ఉంగరం ఎక్కడ వంకరపోతే అక్కడ సొట్టయినా ఉండాలి, ఉబ్బయినా ఉండాలి. మా కుడి గొట్టంలో మూతికి జానెడు ఇవతల ఉంగరం చెదిరింది. తూటా గది ముందర నల్లటి చుక్కలు, అమ్మవారు పోసిన ముఖంలా. కాల్చి తుడవకుండా పెట్టిన దోషం అది. ఆ మచ్చలను ఎవరో ఒకప్పుడు లోపల అరగదీయించినట్టున్నారు. మేస్త్రి కొలపనిముట్టు పెట్టి చూస్తే గొట్టం గోడ అక్కడ పలచబడి ఉంది. బయట చూస్తే నల్లని నిగనిగ. ఈ పలచన కంటికి తెలియదు. కొనేవారు గోడ మందం కొలిపించుకోకుండా బేరం మాట్లాడరాదు.

ఆపైన గొట్టాలు తిరిగి బిగించి, ముందు చెక్క పెట్టకుండానే, కుందా పట్టుకుని అడ్డంగా ఊపాడు. లోపల టకటక. గొట్టాల వెనుక అంచుకూ, అది ఆనుకునే ఉక్కు ముఖానికీ నడుమ సన్నగా వెలుగు కనిపించింది. అక్కడ సిగరెట్టు కాగితం దూరినా అనుమానించాలని మేస్త్రి మాట. పేలిన ప్రతిసారీ ఆ సందు పెరుగుతుంది. కాల్చేవాని ముఖం ఆ సందుకు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు.

65, 70 తేడా

ఇంత పేరున్న కంపెనీ తుపాకి ఇలా ఎందుకైంది? మేస్త్రి గొట్టాల అడుగుభాగం చూపించాడు. అక్కడ బర్మింగ్‌హామ్ పరీక్షాలయం ముద్రలు ఉన్నాయి. ప్రతి తుపాకినీ అమ్మకానికి ముందు మామూలు కంటే బలమైన తూటాతో పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేయడం ఇంగ్లండులో చట్టం. కిరీటం కింద ఎన్.పి. అన్న అక్షరాలుంటే పొగలేని మందుకు పరీక్ష జరిగినట్టు. 1954 తర్వాతివాటి మీద బి.ఎన్.పి. అని ఉంటుంది. అవి లేకుండా నల్లమందు ముద్రలే ఉంటే, ఎంత పెద్ద పేరున్నా, నేటి తూటా అందులో పెట్టరాదు. ఇనుము, ఉక్కు పేని చుట్టిన పాత గొట్టాలు పాముపొడల్లాంటి చారలతో చూడముచ్చటగా ఉంటాయి. అవి చాలావరకు నల్లమందు కాలంవే. ముచ్చటపడి కొన్నవారు గోడకు పెట్టుకోవడమే మేలు.

ఈ తుపాకికి ఎన్.పి. ముద్ర ఉంది. దాని పక్కనే రెండున్నర అంగుళాలు అన్న అంకె ఉంది. అసలు కథ అక్కడుంది.

12 బోరు అన్నది వెడల్పు లెక్క. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం 12 బోరు, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. పొడవు లెక్క వేరే ఉంది. రెండున్నర అంగుళాలు అన్నది తూటా గది పొడవు, 65 మిల్లీమీటర్లకు సరి. ఇప్పుడు ఎక్కువగా నడిచే తూటా 70 మిల్లీమీటర్లది. పెద్దాయన చివరి రోజుల్లో ఏ తూటా దొరికితే అది వాడాడని కొడుకులే చెప్పారు. "సులువుగా దూరేవి సార్" అన్నాడు చిన్నవాడు.

దూరుతాయి. మోసమంతా అందులోనే ఉంది. తూటా పొడవు అంటే పేలి మూతి విచ్చుకున్న తర్వాత పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కనుక 70 తూటా కూడా 65 గదిలో చక్కగా ఇమిడిపోతుంది. పేలినప్పుడు మడత విచ్చుకోవడానికి చోటు చాలదు. గది ముగిసి గొట్టం సన్నబడేచోట మూతి అడ్డుపడి రవ్వల దారి ఇరుకవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒక్క దెబ్బకు గొట్టం పగలకపోవచ్చు. కీళ్లు మాత్రం దెబ్బదెబ్బకూ వదులవుతాయి. బండి ఇరుసు అరిగినట్టు, తెలియకుండానే.

పాత తుపాకి ఉన్నవారు తూటా డబ్బా మీద 65 ఉందో 70 ఉందో చదవకుండా కొనరాదు. దుకాణంవాడు "అన్నీ ఒకటే" అంటే ఆ దుకాణం దిగి రావడం మంచిది. ఈ విలేకరికి ఒకచోట సరిగ్గా ఆ మాటే చెప్పారు.

చివరకు మేస్త్రి తేల్చింది ఇది. కుందా అక్రోటు చెక్క, ఎక్కడా పగులు లేదు. లాకు దివ్యంగా ఉంది, మీట ఈడ్పు ఇప్పటికీ స్ఫుటం. గొట్టాలు పోయాయి. వెనుక ముక్క ఉంచి కొత్త గొట్టాలు తొడిగే విద్య ఉంది గానీ ఆ ఖర్చు, మళ్లీ పరీక్ష, మన తాహతుకు మించినవి. "పేరుకు రూపాయి ఇస్తా నాయనా. గొట్టాలు బాగుండుంటే పది ఇచ్చేవాణ్ణి" అన్నాడు. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు.

మన దేశపు తుపాకులు

ఇంగ్లీషు పేరు లేనిదాన్ని మనవారు చులకనగా చూస్తారు. ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల 12 బోరు బరువు, చెక్క నునుపు తక్కువ, మీట గట్టి. ఆ మాట నిజమే. బెంగాలులోని ఇషాపూర్ పంపు తుపాకి చేతికి తీసుకుంటే ఇనుప రోకలి ఎత్తినట్టుంటుంది. ఆ ఫ్యాక్టరీలను 2021 అక్టోబరులో కంపెనీలుగా మార్చారు. ఎవరెన్ని వంకలు పెట్టినా, గది పొడవు తెలిసిన, కీలు బిగువుగా ఉన్న నాటు ఫ్యాక్టరీ తుపాకి, ఊగే వెబ్లీ కంటే వంద రెట్లు నయం. బీహారులోని ముంగేరులో లైసెన్సుతో చేసే చిన్న కార్ఖానాల సరుకు సంగతి వేరు. అక్కడ ఒక చేతి పని దివ్యం, పక్క చేతి పని దండగ. దాన్ని తట్టి, ఊపి, వెలుగుకు పెట్టి చూస్తే తప్ప చెప్పలేం.

మోత, ఉంగరాలు, ముద్ర, కీలు నాలుగూ సరిగా ఉన్న వెబ్లీ దొరికితే మాత్రం రెండు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. అలాంటి దాన్ని భుజానికి ఆనించగానే చూపు తానుగా గొట్టాల మీదికి వచ్చి కూర్చుంటుంది.

అమ్మకం, కొనుగోలులో చట్టం మాట మరువరాదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే. మూడోది ఉన్నవారు ఏడాదిలోగా అప్పగించవలసి వచ్చింది. సొంత తుపాకి మరొక లైసెన్సుదారుకు అమ్మదలిస్తే కలెక్టరుకు గానీ, దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. తుపాకి నంబరు లైసెన్సు పుస్తకంలో నంబరుతో సరిపోవాలి. గొట్టాల నంబరు, లాకు నంబరు ఒకటే కావాలి. ఒకటి కాకపోతే అది రెండు తుపాకులు కలిపి కుట్టిన బొంత. తండ్రి 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లు తుపాకి ఉంచుకున్నా, బతికి ఉండగానే వారసుని పేర మార్పించుకోవడానికి 2016 నిబంధనలు వీలిస్తున్నాయి. అప్పుడే మేస్త్రికి చూపించి ఉంటే ఈ పంపకం ఇలా జరిగేది కాదు.

బుడ్డల చేలను అడవి పందులు దున్నుతున్నాయని తుపాకి కొనదలచినవారికి ఒక మాట. తుపాకి లైసెన్సు వేరు, జంతువును కాల్చే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ అనుమతి లేనిదే పందిని కాల్చినా కేసే. ఎన్నికలప్పుడు స్టేషనులో జమ చేసే ముందు గొట్టాల లోపల నూనె పూసి ఇవ్వడం, తెచ్చుకున్న రోజే తుడవడం అలవాటు చేసుకుంటే చుక్కల రోగం రాదు.

పంపకం మళ్లీ పెట్టాలని అన్న, కాగితం మీద వేలిముద్రలు పడ్డాయని తమ్ముడు. "తుపాకి కావాలని నేను అడగలేదు, ఆయనే అడిగినాడు" అని తమ్ముడు ఈ విలేకరితో అన్నాడు. తర్వాత మెత్తబడి పావు ఎకరా వెనక్కు ఇస్తానని కబురు చేశాడు. అన్న ఇంకా ఊ అనలేదు. వచ్చే అమావాస్య పోయాక పెద్దమనుషులు కూర్చోనున్నారు. తుపాకి దుకాణంలోనే ఉంది. మేస్త్రి నూనె పూసి, రసీదు నంబరు చీటీ కట్టి అలమారులో పెట్టాడు.