సముద్రం దాటి ఇంటికి తిరిగొచ్చిన నావికుడు

మారిషస్‌లో మన తెలుగువాళ్లను ఒకప్పుడు "కోరంగీలు" అనేవారు. కోరంగి గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న పాత రేవు. మన పూర్వీకులలో కొందరు అక్కడే ఓడ ఎక్కారు. పోర్ట్ లూయీలో కూలీ ఘాట్ మెట్లు ఎక్కి, చెరకు తోటలకు వెళ్లారు. వాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరు చూడలేదు. అందుకే మన ఇళ్లలో సముద్రం అంటే ఎడబాటు.

అదే సముద్రాన్ని జీవితంగా చేసుకుని, చివరికి ఇంటికి తిరిగి వచ్చిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన వైస్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి.

ఆయన 1911 అక్టోబరు 8న చెంగల్పట్టులో పుట్టారు. సికింద్రాబాద్‌లో చదువుకున్నారు. సికింద్రాబాద్ నుంచి సముద్రం చాలా దూరం. అయినా ఆ కుర్రవాడు 1927లో బొంబాయి వెళ్లి, "డఫరిన్" అనే శిక్షణ నౌకలో చేరాడు. భారతీయ కుర్రవాళ్లకు ఓడ నడపడం నేర్పడానికి పెట్టిన నౌక అది. అందులో చేరిన మొదటి జట్టులో ఆయన ఒకరు.

చదువు పూర్తయ్యాక కలకత్తాలో హుగ్లీ నది మీద పనిచేశారు. కూలీల ఓడలు ఎన్నో ఆ నది మీదుగానే సముద్రంలోకి వెళ్లాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆయన నౌకాదళంలో చేరారు.

1947లో భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. సైన్యానికి 1949లో, వైమానిక దళానికి 1954లో భారతీయ అధిపతులు వచ్చారు. నౌకాదళం మాత్రం ఇంకా బ్రిటిష్ అధికారి చేతిలోనే ఉంది. 1958 ఏప్రిల్ 22న ఆ పదవి కటారిగారికి వచ్చింది. భారత నౌకాదళానికి మొదటి భారతీయ అధిపతి ఆయనే. ఆయన కాలంలోనే, 1961లో, మొదటి విమాన వాహక నౌక "విక్రాంత్" చేరింది. అదే ఏడాది డిసెంబరులో గోవా విముక్తిలో నౌకాదళం పాల్గొంది.

1962లో పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ బస్సుల సంస్థకు అధ్యక్షుడయ్యారు. ఓడల నుంచి బస్సులకు!

1964లో ఆయన బర్మాకు రాయబారిగా వెళ్లారు. 1969 వరకు రంగూన్‌లో ఉన్నారు. మన కథకు దగ్గరి కథ అక్కడ జరుగుతోంది. తరాల క్రితం పనికోసం బర్మా వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడి ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు తన చేతిలోకి తీసుకోవడంతో, లక్షల మంది భారతీయులు ఆ దేశం వదలాల్సి వచ్చింది. వారిలో కొందరు ఓడల్లో విశాఖపట్నం చేరారు. వాళ్లున్న చోటును ఇప్పటికీ "బర్మా క్యాంప్" అంటారు. ఓడ మనుషులను తీసుకుపోతుంది. ఒక్కోసారి, అన్నీ పోగొట్టుకున్నాక, తిరిగి తెస్తుంది కూడా.

కటారిగారు 1983 జనవరి 21న సికింద్రాబాద్‌లో కన్నుమూశారు. చిన్నప్పుడు బడికి వెళ్లిన ఊరికే ఆయన ప్రయాణం తిరిగి చేరింది. పోయేముందు తన జ్ఞాపకాలను "ఎ సెయిలర్ రిమెంబర్స్" అనే ఇంగ్లీషు పుస్తకంగా రాశారు.

మన ముత్తాతలు అలా రాయలేకపోయారు. వలస రిజిస్టర్లలో వాళ్ల పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. కానీ ఓడలో ఏం తిన్నారో, ఏ పాట పాడుకున్నారో, ఎవరిని తలచుకుని ఏడ్చారో ఆ కాగితాల్లో లేదు. అది పెద్దవాళ్ల నోటిలోనే మిగిలింది.

ఈ ఆదివారం మీ ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. "మనవాళ్లు ఏ ఊరు నుంచి వచ్చారు?" అని అడిగితే చాలు. వాళ్లు చెప్పింది తెలుగులో రాసుకోండి. తప్పులు వచ్చినా ఫర్వాలేదు, తర్వాత దిద్దుకోవచ్చు.